గడ్డి ఉన్నచోట ‘ఖాళీ’ అని రాశాను

జర్మనీలో నేను గడిపిన మూడు వేసవులకు మూడు నోటుబుక్కులున్నాయి. రోజుకొక పేజీ. తేదీ, ఉదయం ఏడు గంటలకు ఎంత వేడిమి, గాలి ఎటు నుంచి వీచింది, ఎవరిని కలిశాను, ఏం చూశాను. ముప్పై నాలుగేళ్ళు భూమి కొలతల శాఖలో పనిచేసినవాడికి ఇటువంటి అలవాటు పదవీ విరమణతో పోదు. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో, భోజనమయ్యాక, ఆ పుస్తకాలను బయటికి తీసి వరుసగా కాక ఎక్కడ తెరుచుకుంటే అక్కడ చదువుకుంటాను. చదువుతున్నప్పుడు నాకు ముందుగా తగిలేది కోసి ఆరబెట్టిన గడ్డి వాసన. ఆ వాసన వెంటే కోపం కూడా వస్తుంది. మొదట్లో ఆ కోపం జర్మన్ల మీద ఉండేది. ఎవరి మీద ఉండవలసిందో తెలుసుకోవడానికి నాకు ఒక వేసవి పట్టింది.

మా అమ్మాయి, అల్లుడు బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వెళ్ళి, వాల్డార్ఫ్‌లోని సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తూ, దానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని ఒక ఊళ్ళో అద్దెకుండేవారు. మూడంతస్తుల ఇల్లు. మధ్య అంతస్తు మావాళ్ళది, బడికి వెళ్ళే మనవరాలితో సహా. పైన ఏటవాలు కప్పు కింది గదిలో హనుమకొండ నుంచి వచ్చిన ఒక విద్యార్థిని ఉండేది. ఇల్మెనౌ అనే ఊళ్ళో ఎమ్మెస్ చదువుతూ ఇంటర్న్‌షిప్పు కోసం వచ్చింది. కింది అంతస్తులో ఇంటి యజమానురాలు. ఆమెకు అప్పటికే డెబ్బై ఎనిమిదేళ్ళు.

ఆమె జర్మన్ కాదు. కజఖ్ స్త్రీ. కజఖ్‌స్తాన్ గడ్డిమైదానంలో పుట్టింది. ఓల్గా నది ఒడ్డున తరతరాలుగా స్థిరపడిన జర్మన్లను యుద్ధకాలంలో రైళ్ళకెక్కించి ఆ మైదానంలో దింపారట. అలా దింపబడిన కుటుంబంలోని పిల్లవాణ్ణే ఆమె పెద్దయ్యాక పెళ్ళాడింది. సోవియట్ దేశం విడిపోయాక, పూర్వీకులు జర్మన్లు గనుక భర్తకు ఇక్కడికి వచ్చే హక్కు దొరికింది. భర్త వెంట ఆమె వచ్చింది. నేను వెళ్ళేనాటికి ఆయన లేడు. మా పిల్లలందరూ ఆమెను ‘ఓమా’ అని పిలిచేవారు, అంటే బామ్మ. నన్ను ఆమె ‘ఇంజినీర్’ అనేది. నేను ఇంజినీరును కాను, సర్వే ఇన్స్పెక్టరునని హనుమకొండ అమ్మాయి చేత రెండుసార్లు చెప్పించాను. రెండుసార్లూ ఆమె శ్రద్ధగా విని, తల ఊపి, మళ్ళీ ‘ఇంజినీర్’ అనే పిలిచింది.

ఊరి చివర, రైలు కట్ట పక్కన, చిన్న చిన్న తోటల వరుస ఒకటి ఉండేది. ఇళ్ళకు పెరడు లేనివారికి ఒక సంఘం ఆ తోటలను కౌలుకిస్తుంది. సంఘాన్ని అక్కడ ‘ఫెరైన్’ అంటారు. ఓమాకు అందులో ఒక తోట ఉండేది. నాకు ఆ తోటలకంటే ముందు ఫెరైన్ నిబంధనలు నచ్చాయి. కంచెచెట్టు ఎంత ఎత్తు పెరగవచ్చు, గుడిసె ఎన్ని చదరపు మీటర్లు ఉండవచ్చు, మధ్యాహ్నం ఏ వేళకు మిషన్లు ఆపాలి, అన్నీ అచ్చులో ఉన్నాయి. ఫెరైన్ అధ్యక్షుడు సన్నటి పొడుగాటి మనిషి, చొక్కా జేబులో టేపు పెట్టుకొని తిరిగేవాడు. ఒకనాడు కంచె ఎత్తు కొలుస్తుంటే రెండో కొన నేను పట్టుకున్నాను. ఇద్దరికీ ఒక్క ఉమ్మడి మాట లేదు; అయినా టేపు సడలకుండా పట్టే పద్ధతి చూసి ఆయన నా వైపు గౌరవంగా చూశాడు. ఆ సంతోషం ఆనాటి పేజీలో ఉంది.

ఓమా తోటలో సగం కంటే కొంచెం ఎక్కువ భాగం గడ్డి. పచ్చికలా కత్తిరించిన గడ్డి కాదు. మోకాలి దాకా పెరిగే రకరకాల గడ్డి. మిగతా భాగంలో నాలుగు కూరగాయల మడులు, రెండు చెర్రీ చెట్లు, ఒక గుడిసె. వేసవిలో రెండుసార్లు ఆమె పొడుగు కొడవలి భుజాన వేసుకొని వచ్చి, నిలబడే ఊగుతూ గడ్డి కోసేది. ఆ వయసులో ఆ ఊపు చూడవలసిందే. ఆరిన గడ్డిని మోపులు కట్టి, కుందేళ్ళు పెంచుకునే తనవాళ్ళకు పంచేది. ఆదివారాల్లో కజఖ్‌స్తాన్‌లోని ఆమె ఊరి నుంచే వచ్చిన కుటుంబాలు తొమ్మిది, జర్మన్లూ కజఖ్‌లూ కలిసినవి, ఆ గడ్డి మీద దుప్పటి పరిచి టీ తాగేవి. ఆమె ఏడు రొట్టెలు నూనెలో కాల్చి తెచ్చి, పోయినవాళ్ళను తలచుకొని అందరికీ తుంచి పెట్టేది. నాకూ ఒక ముక్క వచ్చేది. ఉప్పు తక్కువగా, కమ్మగా ఉండేది. ఇదంతా మొదటి రెండు నోటుబుక్కుల్లో తేదీలతో సహా ఉంది. రాసిన చెయ్యి నాదే. అందుకే తరువాత నేను చేసిన పనికి క్షమ లేదు.

మూడో వేసవిలో ఫెరైన్‌వారు ప్రతి సభ్యుణ్ణీ తన తోట పటం ఒకటి గీసి ఇవ్వమన్నారు. ఓమా ఆ కాగితాన్ని చేత పట్టుకొని మెట్ల మీద దిగులుగా కూర్చుంది. నేను చూశాను. ఎన్నాళ్ళకో నా విద్యకు ఒక అవసరం వచ్చింది. నేను గీస్తానని చెప్పించాను.

ఒక మంగళవారం ఉదయం వెళ్ళి కొలిచాను. అంతకు వారం ముందే గడ్డి కోసి, ఆరాక మోపులు పంచేశారు. నేల గీసిన గడ్డంలా ఉంది. మనుషులు లేరు. కొలతలు తీసుకొని, ఇంటికి వచ్చి, రెండు రోజులు కూర్చొని పటం గీశాను. మడులకు ఆకుపచ్చ గీతలు, చెట్లకు వృత్తాలు, గుడిసెకు ఎరుపు. మిగిలిన తెల్లటి భాగంలో ‘వాడుకలో లేదు’ అని ఇంగ్లీషులో రాశాను. దాని కింద అదే మాటను హనుమకొండ అమ్మాయి జర్మన్‌లో రాసింది. రాస్తూ ఒక్క క్షణం ఆగింది.

“అంకుల్, ఓమా ఆడ గడ్డి కోస్తది కదా?”

“పంట కాదుగా అమ్మా. పంట లేని చోట అలాగే రాయాలి.”

“మీరు సర్వే ఆఫీసరు. మీకే ఎరుక,” అని రాసేసింది.

ఓమా పటాన్ని చూసి మురిసిపోయింది. చెర్రీ చెట్లు రెండూ సరైన దూరంలో ఉన్నాయని వేలితో చూపి నవ్వింది. జర్మన్ అక్షరాలు చదవడానికి ఆమెకు కళ్ళద్దాలు కావాలి. అవి ఇంట్లో ఉన్నాయి. తానే తీసుకెళ్ళి అధ్యక్షుడికి ఇచ్చి వచ్చింది.

పది రోజుల్లో ఉత్తరం వచ్చింది. వంటింటి బల్ల దగ్గర హనుమకొండ అమ్మాయి దాన్ని మొదట తనలో తాను చదువుకుంది. తరువాత నా ముఖం చూడకుండా చెప్పింది.

“అంకుల్, రూల్ ప్రకారం తోటల కనీసం మూడో వంతు కూరగాయలో పండ్లో పెంచాల్నంట. ఓమా తోటల అంత లేదంట. సగానికి పైగా వాడుకల లేదని సభ్యురాలు ఇచ్చిన పటమే చెప్తున్నదంట. ఎండాకాలం అయిపోయే లోపల దున్నాలె, లేకుంటే తోట వాపస్ ఇయ్యాలె. శుక్రవారం రోజు కమిటీ టెర్మిన్, అంటే టైము, ఇచ్చిన్రు, వచ్చి చెప్పుకోవాల్నంట.”

బల్లకు అవతల కూర్చున్న ఓమా ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, టీ గ్లాసు కింద ఉంచింది.

నాకు ఆగ్రహం వచ్చింది. ఒక వృద్ధురాలు ఇన్నేళ్ళుగా చూసుకుంటున్న నేలను ఒక్క పటం చూసి లాక్కుంటారా అని ఇల్లంతా తిరుగుతూ అరిచాను. మా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి అంతా విని, చేతిసంచి కూడా దించకుండా అంది: “నాన్నా, ఆ పటం గీసింది నువ్వే కదా?”

“నేను ఉన్నది ఉన్నట్టు గీశాను.”

“అయితే వాళ్ళూ ఉన్నది ఉన్నట్టే చదివారు. నువ్వు వచ్చింది విజిట్ వీసా మీద. గొడవ పెట్టుకోకు, ప్లీజ్. ఓమాకు మన మీద కోపం వస్తే ఈ ఊళ్ళో ఇంకో ఇల్లు దొరకాలంటే మాకు ఏడాది పడుతుంది.”

ఆ రాత్రి నేను అన్నం సరిగా తినలేదని మరునాటి పేజీలో ఉంది. అదే పేజీలో ఒక ఉపాయం కూడా ఉంది. నిబంధనల పుస్తకంలో, పండ్లు, కూరగాయలతో పాటు మూలికలు పెంచడం కూడా సాగుగానే లెక్క అని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. నేను, హనుమకొండ అమ్మాయి తోటకు వెళ్ళాం. తాళ్ళు కట్టి గడ్డిని గళ్ళుగా విడదీశాం. ఆమె ఒక్కొక్క ఆకుకూ ఫోన్ చూపించి పేరు చెప్పింది, నేను రాశాను. మాచిపత్రిని పోలిన చేదు మొక్క, చామంతి జాతి పువ్వు ఒకటి, పుదీనా అడవి చుట్టం ఒకటి. సాయంత్రానికి రెండో పటం సిద్ధం. తెల్లటి భాగమంతా పసుపు రంగు. మధ్యలో ‘ఔషధ మూలికల తోట’ అని పెద్ద అక్షరాలు. ఇంతకంటే గట్టి పటాన్ని నేను సర్వీసులో కూడా గీయలేదనుకున్నాను.

తోటలోనే ఓమాకు చూపించాం; ఈసారి ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంది. చాలాసేపు చూసింది. తరువాత చేదు మొక్క రెమ్మ ఒకటి తుంచి, అరచేతిలో నలిపి, నా ముక్కు దగ్గర పెట్టి ఏదో అంది. హనుమకొండ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ మొదలుపెట్టింది గాని, చివరికి వచ్చేసరికి నవ్వడం మానేసింది.

“వాసన చూడు ఇంజినీర్, ఇది నేను నాటలే, అదే వచ్చింది అంటున్నది. ‘మొదటి కాగితంల ఇక్కడ ఏమీ లేదని రాసినవ్. రెండో కాగితంల లేనిది ఉన్నదని రాసినవ్. గడ్డి అని ఎప్పుడు రాస్తవ్?’ అంటున్నది.”

నేను, గడ్డి అని రాస్తే తోట పోతుందని చెప్పించాను. అప్పుడు ఓమా గడ్డి మీద కూర్చుంది. మమ్మల్ని కూర్చోమంది. చెప్పసాగింది. ఒక్కొక్క వాక్యం జర్మన్‌లో ఆమె, తెలుగులో ఈ అమ్మాయి. ఆ గంటసేపు ఆ ముసలామె వరంగల్ యాసలోనే మాట్లాడిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

“మా తాతలకు రెండు నేలలు. ఎండాకాలం మందలు దూరం పోతయి. చలికాలం నేలల గడ్డి కోయకుండ నిలబెట్టి పెడ్తరు. మంచు పడ్డంక గుర్రాలు కాళ్ళతోని మంచు తవ్వుకొని ఆ గడ్డే తింటయి. కొలిచేటోళ్ళు ఎప్పుడొస్తరు? ఎండాకాలమే వస్తరు. దార్లు మంచిగుంటయి కదా. వచ్చి చూస్తే మనుషుల్లేరు, మంద లేదు. గడ్డి ఉన్నది. ఖాళీ అని రాసుకొని పోతరు. ఖాళీ అని రాసినంక నింపెటోళ్ళు వస్తరు.”

మొదట రష్యన్ రైతులు వచ్చారట. తరువాత రైళ్ళలో బలవంతంగా తెచ్చినవాళ్ళు, ఆమె అత్తమామల వంటివాళ్ళు. ఆ తరువాత కొత్త నేల దున్నుతామని జెండాలు పట్టుకొని పాటలు పాడుతూ వచ్చిన కుర్రకారు. తాను బడి ముగించేనాటికి తరగతిలో కజఖ్ పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. బడిలో మాట్లాడేది రష్యన్. ఇంట్లో అమ్మ కజఖ్‌లో అడిగితే తాను రష్యన్‌లో జవాబిచ్చేదట.

“మీ మనవరాలు జర్మన్‌ల ఇస్తది చూడు, గట్లనే,” అని నా వైపు వేలు చూపించింది.

“వాళ్ళ మీద కోపం లేదా?” అని అడిగించాను.

“ఎవరి మీద? మా మామ దిగిన రోజు ఆయన కాళ్ళకు బూట్లు లేవు. మా అమ్మనే ఇంట్ల పెట్టుకున్నది. వచ్చినోళ్ళది తప్పు గాదు. ఖాళీ అన్నోనిది తప్పు.” కొంచెం ఆగి, గడ్డిపోచ నములుతూ చెప్పింది: “నాకు పందొమ్మిదేళ్ళప్పుడు ట్రాక్టర్ ఇచ్చిన్రు. మొదటి రోజు నేను దున్నింది మా నాయిన చలికాలానికి నిలబెట్టిన గడ్డినే. ఆయన గట్టు మీద నిలబడ్డడు. తిట్టలే. టోపీ తీసి చేతుల పట్టుకున్నడు. రెండు మూడేండ్లు గోధుమ మస్తు పండింది. తర్వాత మట్టంతా గాలికి లేచింది. పగలే దీపం పెట్టుకొని అన్నం తిన్నం.”

ఆ ఊరి జర్మన్లందరూ ఇటు వచ్చేశాక ఇళ్ళు ఖాళీ అయ్యాయట. పొలాలు మళ్ళీ గడ్డిబట్టాయి. మంగోలియా వైపు ఎప్పుడో వెళ్ళిపోయిన కజఖ్‌ల మనవలు తిరిగివచ్చి ఇప్పుడు ఆ ఇళ్ళలో ఉంటున్నారు. ఆమె పుట్టిన ఇంట్లో కూడా ఒక కుటుంబం ఉంది. ఫోన్ చేసి, పొయ్యి పొగ గొట్టం ఎక్కడ మూసుకుపోతుందో ఆమెనే అడుగుతారట. అది చెప్పి పెద్దగా నవ్వింది.

“ఈమె కూడా,” అని హనుమకొండ అమ్మాయి భుజం తట్టింది, “వచ్చిన మొదటి ఆదివారం వీధి చూసి ‘ఓమా, ఈ ఊర్ల ఎవ్వరు లేరా’ అన్నది. మేమందరం లోపల కేకు తింటున్నం.”

నేను నవ్వలేదు. నాకు ఇరవై ఆరేళ్ళ వయసు జ్ఞాపకం వచ్చింది. మా జిల్లాలో పశువుల మేతకు విడిచిన నేలను గైరాన్ అంటారు. అటువంటి గైరాన్ ఒకదాన్ని నేను వైశాఖంలో కొలిచాను. గొర్రెలు కాసే కురుమలు మందలను తోలుకొని కృష్ణ ఒడ్డుకు వలస పోయారు. ఊళ్ళో మిగిలిన ఒక ముసలి కురుమ నా కొలత గొలుసు వెంట నడుస్తూ అన్నాడు: “సారూ, ఖాళీ అని రాస్తున్నవా? తొలకరి పడ్డంక రా. కాలు పెట్ట సందు దొరుకుతదేమో చూడు.” నేను, ఈ రోజు ఏముందో అదే రాస్తానని చెప్పి, బంజరు అని రాశాను. ఆ నేల తరువాత ఎవరెవరి పేర్ల మీదికో వెళ్ళింది. మందలు తిరిగివచ్చేసరికి హద్దురాళ్ళు పాతి ఉన్నాయి. ఎన్నో ఏళ్ళు నేను ఆ కాగితాన్ని సరైన కాగితమనే అనుకున్నాను. ఒక్క రోజు కొలిచి ఏడాది సంగతి రాయడం అబద్ధమని ఏ అధికారీ నాకు చెప్పలేదు. ఆ కురుమ చెప్పాడు, నేను వినలేదు. ఇప్పుడు ఈమె గడ్డి మీద కూర్చొని రెండోసారి చెబుతోంది.

మూడో పటాన్ని ఒక్క పూటలో గీశాను. దాని మీద ఇలా రాశాను: గడ్డి. ఏటా రెండు కోతలు. కుందేళ్ళ మేత. ఆదివారాల్లో తొమ్మిది కుటుంబాలు కూర్చునే చోటు.

శుక్రవారం ఫెరైన్ గదిలో కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు రెండు పటాలనూ, మొదటిదీ మూడోదీ, పక్కపక్కన పెట్టుకున్నాడు. ఆయన మాటలను హనుమకొండ అమ్మాయి నాకు చెప్పింది.

“ఈ రెండూ గీసింది ఒకరేనా అని అడుగుతున్నడు అంకుల్.”

“నేనే. మొదటిది తప్పు.”

“ఒక్క మనిషి రెండు తీర్ల రాస్తే దేన్ని నమ్మాలె అంటున్నడు.”

నోటుబుక్కులు మూడూ బల్ల మీద పెట్టాను. కోత తేదీలు, ఎన్ని మోపులు, ఏ ఆదివారం ఎందరు కూర్చున్నారు, వాన వల్ల ఎప్పుడు కూర్చోలేదు, ఒక్కొక్కటి చదివాను. ఆమె జర్మన్‌లోకి మార్చింది. కమిటీలోని ఒక ఆవిడ ఆవలించింది. అధ్యక్షుడు చెయ్యెత్తి ఆపి, పోయిన జూన్‌లో వడగళ్ళు పడిన రోజు ఏదో ఆ పుస్తకంలో ఉందా అని అడిగాడు. ఉంది. తేదీ, గంట, వడగళ్ళ పరిమాణం కూడా చెప్పాను: రేగిపండంత. రేగిపండును ఆ అమ్మాయి జర్మన్‌లో ఏమని చెప్పిందో తెలియదు గాని, ఆయన బల్ల చరిచాడు.

“ఆ రోజు ఈయన చెర్రీలన్నీ రాలిపోయినయంట. ఇన్సూరెన్స్‌వాళ్ళు తేదీ తప్పన్నరంట. ఇది జిరాక్స్ ఇస్తవా అంటున్నడు!”

గదంతా నవ్వింది. నేను మాత్రం ఇంకా కోపంగానే ఉన్నాను. మీ నిబంధనల్లో గడ్డికి ఒక గడి ఎందుకు లేదని అడగమన్నాను. ఆమె కొంచెం మెత్తబరిచే అడిగి ఉంటుంది. అధ్యక్షుడు పుస్తకం తిరగేసి, మూసి, లేదని ఒప్పుకున్నాడు. మీ శాఖలో ఉండేదా అని తిరిగి అడిగాడు. లేదన్నాను.

తీర్పు ఇలా వచ్చింది: మూడో వంతు నిబంధనను ఎవరి కోసమూ మార్చలేరు, రెండు మడుల వెడల్పు నేల మాత్రం తవ్వాలి, మిగిలినది ఓమా కౌలు ఉన్నంత కాలం ‘గడ్డి, కోత’ అని మూడో పటం ప్రకారమే దస్త్రంలో ఉంటుంది. ఏ వైపు తవ్వాలో కమిటీ చెబుతుందని అధ్యక్షుడు మొదలుపెట్టగానే ఓమా లేచి నిలబడింది. ఆ సాయంత్రమంతా ఆమె మాట్లాడింది అదొక్కసారే.

“ఒకసారి వాళ్ళు చూపించిన కాడ దున్నిన. ఈసారి ఎక్కడ్నో నేను చూపిస్త అంటున్నది.”

అధ్యక్షుడు అలాగే రాసుకున్నాడు.

మర్నాడు ఆమె రైలు కట్ట వైపు అంచును చూపింది. గడ్డి అక్కడ పలచగా ఉంటుంది. నేను టేపు తీయబోతే వద్దని, తానే అడుగులు వేసి హద్దు చూపింది. పార మొదట ఆమె దింపింది. గడ్డివేళ్ళు తెగే చప్పుడుకు ఆగింది. తరువాత పార నా చేతికిచ్చింది. మధ్యాహ్నానికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రం ఇద్దరం కలిసి బంగాళాదుంప ముక్కలు పాతాం. ఆలస్యమైపోయింది, గోళీలంత కాస్తాయేమో అంది. గోళీలంతే కాశాయని తరువాత ఫోన్‌లో తెలిసింది.

నా వీసా గడువుకు ముందు చివరి ఆదివారం తొమ్మిది కుటుంబాలూ వచ్చాయి. దుప్పటి మునుపటిలా పూర్తిగా పరచడానికి చోటు చాలలేదు. ఒక కొనను లోపలికి మడిచారు. ఒకరి మోకాలు ఒకరికి తగులుతోంది. ఎవరో ఏదో సణిగారు, ఇంకెవరో ఎగతాళి చేశారు, అందరూ నవ్వారు. నేను తవ్విన నేల అంచున నిలబడ్డాను. ఓమా పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి జరగమని, ఆ జానెడు చోటులో అరచేత్తో రెండుసార్లు తట్టింది.

చెప్పులు విడిచి వెళ్ళి కూర్చున్నాను. నా వాటా రొట్టె ముక్క వచ్చింది.